ఆదివారం మేత

ఆదివారం ఊట్రెక్ట్‌లో గంటలు మోగేసరికి
నేను పేగులకు అన్నం పెడుతుంటాను.

నవ్వకండి, ఉద్యోగం అదే.
ముప్పైఏడు డిగ్రీల పెట్టె,
అందులో ఇరవైనాలుగు గుంటల పళ్ళెం,
గుంటకో జిగురు బొట్టు,
బొట్టులో ఆవగింజకి కూడా సాటిరాని బుడగలు.
ఒక కుక్క పేగు
కుక్క లేకుండా పెరుగుతోంది.

కుక్క పేరు ఫ్లింక్.
మా మాటలో గట్టివాడని.
ఏం గట్టి! ఆఖరికి పదకొండు కిలోలు,
నలుపు తెలుపు బొచ్చు కింద
పక్కటెముకలు వేలితో లెక్కపెట్టొచ్చు.
తిన్నది తిన్నట్టే జారిపోయేది.
జనవరిలో గొట్టపు కెమెరా దించి
బియ్యపు గింజంత ముక్క గిల్లి తెచ్చారు.
ఆ ముక్క అడుగున, మడతల్లో,
ఇంకా ఏమీ కాని కణాలు కొన్ని.

ఫ్లింక్ మార్చిలో పోయింది.
జూన్‌లో ఇరవయ్యోసారి వీటిని చిదిమి విడగొట్టాను.
మళ్ళీ మొగ్గ తొడిగాయి.

పేగు తెంచుకు పుట్టినవాళ్ళ గురించి అందరూ చెబుతారు.
తెంచాక పెరిగే పేగుకి
చుట్టం ఎవరు?

ఒక గురువారం ఔకె వచ్చాడు, చెప్పకుండా,
ఫ్రీస్‌లాండ్ నుంచి రెండు రైళ్ళు మారి.
ముప్పైఒక్క ఏళ్ళు వంతెన కాపలా.
కాలవ మీద వంతెన ఎత్తడం, దించడం,
గాలపు కర్రకి చెక్కబూటు వేలాడదీసి
పడవల మీదికి ఊపి సుంకం పట్టడం.
"వాడిది కొంచెం మీ దగ్గరుందట," అన్నాడు.
టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు,
ఆసుపత్రిలో మనిషిని చూడ్డానికొచ్చినట్టు.

నియమాలున్నాయి.
అయినా కోటు తొడిగించి
మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

"దీనికి ఆకలేస్తుందా?"
వెయ్యదు. ఆకలి ఈ ముక్కతో రాలేదు.
"నొప్పి?"
నరాలు లేవు.
"మరి తోక?" అని తనే నవ్వాడు.
ఆ నవ్వు సగంలో ఎటో పోయింది.

అప్పుడు చెప్పాను, నాకు చేతనైనట్టు:
పేగంటే గొట్టం అనుకుంటాం, నిజానికది గోడ.
ఒక్క కణం మందం.
దేన్ని పోనివ్వాలి, దేన్ని ఆపాలి,
రాత్రింబగళ్ళు అదే పని.
ఫ్లింక్‌లో ఆ గోడ...
"ఎత్తిన వంతెన ఎత్తినట్టే ఉండిపోయింది,"
అన్నాడు ఔకె, కళ్ళు తియ్యకుండానే.
"దించేవాడు లేడు. పడవలన్నీ
సుంకం కట్టకుండా పోతున్నాయి."
ఆరేళ్ళు చదివాను నేను.
ఇంత తిన్నగా ఎవరూ చెప్పలేదు.

ఆయనకి చెప్పనిది ఒకటుంది.
ఆ జిగురు ఎలుకల కణితుల్లోంచి తీస్తారు.
ఏ కుక్కనీ నొప్పించని ఈ పళ్ళెం కింద
పేర్లు పెట్టని ఎలుకలున్నాయి.
ఆయన అడగలేదు. అడిగితే చెప్పేదాన్నే.
అనుకుంటాను.

మూడు మందులు పోసి చూశాం.
మొదటిదానికి బుడగలు నల్లబడి పగిలాయి.
రెండోది నీళ్ళతో సమానం.
మూడోదానికి గోడ బిగిసింది,
పోసిన రంగు లోపలికి దూరలేదు.
పళ్ళెంలో మాట ఇది.
కుక్కలో ఏమవుతుందో పళ్ళానికి తెలీదు.
కింది అంతస్తులో ఒక ముసలి పూడిల్
సోమవారం కోసం పస్తుంది,
దాని యజమానురాలు కారులోనే నిద్రపోతోంది.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు ఔకె.
"ఆదివారాలు ఎవరు చూస్తారు?"
నేనే.
సంచిలోంచి ఆ చెక్కబూటు తీసి ఇచ్చాడు,
నీళ్ళకి నానీ నానీ మడమ దగ్గర చీలింది.
పెట్టె పిడికి తగిలించాను. రెండ్రోజులుంది.
తనిఖీకి వచ్చినావిడ చూసి
చెక్క, శుభ్రం కాదు, లోపలికి రాకూడదంది.
ఆవిడ పనీ అదే మరి.
ఇప్పుడది బయట, నా సైకిలు హ్యాండిలుకి.

గులాబి నీళ్ళు పసుపుకి తిరిగాయి.
తిన్నాయన్నమాట.
పాతవి పీల్చేసి
కొత్తవి పోస్తున్నాను, గుంట తర్వాత గుంట.
గంటలు ఎప్పుడు ఆగాయో వినలేదు.